ఒక ఇల్లు, రెండు జట్లు

ఆ చలికాలం మా ఇంట్లో ఇద్దరు బాస్కెట్‌బాల్ కోచ్‌లు ఉండేవాళ్లు. ఊరికి మాత్రం ఒక్కరే తెలుసు.

మా నాన్న ఆర్లిన్ వోగెల్ ఈస్ట్‌ఫోర్క్ యూనివర్సిటీ మగపిల్లల జట్టుకి పదకొండేళ్లుగా కోచ్. ఆయన రోడ్డు మీద నడుస్తుంటే కార్లు ఆగేవి, అద్దాలు దిగేవి, "ఈసారి కప్పు మనదే కదా కోచ్?" అని అడిగేవాళ్లు. మా అమ్మ వెర్నా అదే యూనివర్సిటీలో ఆడపిల్లలకి వ్యాయామం నేర్పేది. ఆడపిల్లలకీ ఒక జట్టు పెడతానని ఆమె అడిగితే, యూనివర్సిటీ వాళ్లు "పెట్టుకో, జీతం మాత్రం అడక్కు" అన్నారు. అమ్మ పెట్టింది. అది 1975. ఆడపిల్లలకీ సమానంగా ఇవ్వాలని ప్రభుత్వం చట్టం చేసి అప్పటికి మూడేళ్లు. ఆ చట్టం మా ఇండియానా రాష్ట్రం దాకా వచ్చినా మా ఊరి వంతెన దాటలేదు.

ఆ జట్టులో పన్నెండు మందిమి. నేనూ ఒకదాన్ని, గార్డ్‌ని, అంటే బంతి ముందుకి తెచ్చి మిగతావాళ్లకి అందించేదాన్ని. నాకు పంతొమ్మిదేళ్లు.

ఇంట్లో ఫోన్ మోగి "కోచ్ ఉన్నారా?" అని ఎవరైనా అడిగితే అమ్మ "ఏ కోచ్ కావాలి?" అనేది. మొదట్లో నాన్న నవ్వేవాడు. డిసెంబరు వచ్చాక నవ్వడం మానేశాడు.

యూనివర్సిటీకి ఉన్నది ఒకటే జిమ్. అందులో ఎవరు ఎప్పుడు ఆడాలో నాన్నే రాసి నోటీసు బోర్డుకి అంటించేవాడు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి దాకా మగపిల్లలది. మాకు తెల్లారగట్ల ఐదున్నర. మేం అది కూడా మహాభాగ్యం అనుకున్నాం.

డిసెంబరు మొదటి సోమవారం తలుపు తెరుచుకోలేదు. అమ్మ తాళంచెవి పెట్టి ఇటు తిప్పింది, అటు తిప్పింది, తీసి గౌనుకి తుడిచి మళ్లీ పెట్టింది. పన్నెండు మందిమి మంచులో నిలబడ్డాం. మా జట్టులో అందరికన్నా పొడుగు రోబెర్టా స్టాల్. ఆరడుగుల పైన రెండంగుళాలు, పాడి రైతు కూతురు.

"మా ఆవులు కూడా ఈ పాటికి వెచ్చగా లోపలుంటాయి కోచ్," అంది.

"ఆవులకి జట్టు లేదుగా, అందుకే వాటికి తలుపు తీస్తారు," అంది డెల్ఫీన్. ఆమె ఇవాన్స్‌విల్ నుంచి వచ్చిన పిల్ల. ఆమె నోటికి మగపిల్లల జట్టంతా భయపడేది.

అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు. నన్ను కారెక్కమని ఇంటికి పోనిచ్చింది.

నాన్న వంటింట్లో కోడిగుడ్ల అట్టు తింటున్నాడు. అమ్మ బూట్ల మంచు కూడా దులపకుండా లోపలికొచ్చింది.

"తాళం మార్చావా?"

"నేను కాదు, హార్బిసన్ మార్పించాడు." హార్బిసన్ అంటే యూనివర్సిటీలో ఆటలన్నిటికీ పెద్ద. "నేలకి కొత్తగా పాలిష్ పెట్టారు వెర్నా. కాలేజీల మధ్య కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు అయ్యేదాకా రెండు జట్లు తొక్కితే పాడవుతుందన్నాడు."

"కొత్త తాళంచెవి నీ దగ్గరుందా?"

నాన్న అట్టు మీద మిరియాల పొడి చల్లుకున్నాడు. "ఉంది."

"ఇవ్వు."

"నా చేతుల్లో లేదు వెర్నా."

"నీ జేబులో ఉంది."

నాన్న పళ్లెం లోంచి తలెత్తలేదు. అమ్మ నా వైపు తిరిగి, "పద, పిల్లలు చలిలో ఉన్నారు," అంది.

మర్నాటి నుంచి ఊరి చివర సైనిక దళం వాళ్ల షెడ్డులో ఆడాం. లారీలు నిలిపే చోటు. సిమెంటు నేల, అక్కడక్కడా నూనె మరకలు, ఒక గోడకి ఒకే ఒక రింగు. బంతి నేలకి తగిలితే చెవుల్లో రాయి పడ్డట్టుండేది. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. మ్యాచ్‌లకి వేరే ఊళ్లు వెళ్లేటప్పుడు అమ్మ మా చొక్కాల మీద తెల్ల ప్లాస్టరు ముక్కలతో నెంబర్లు అంటించేది. ఆట సగమయ్యేసరికి చెమటకి ఊడిపోయేవి. రిఫరీలు "ఏయ్, సగం ఎనిమిదీ!" అని పిలిచేవాళ్లు.

అవతల నాన్న జట్టు గెలుస్తూనే ఉంది. జనవరి మధ్యకి పదిహేను గెలుపులు, ఒక్క ఓటమి. జట్టు పుట్టి యాభై ఏళ్లయినా ఎనిమిది కాలేజీల కాన్ఫరెన్స్ కప్పు ఒక్కసారీ మా ఊరు రాలేదు. ఈసారి వస్తుందని చర్చిలో పాస్టరు కూడా ప్రార్థన చివర ఓ ముక్క కలిపేవాడు. షాపుల అద్దాల మీద నాన్న పేరు సుద్దతో రాశారు. నాకు గర్వంగా ఉండేది. అబద్ధమెందుకు, చాలా గర్వంగా ఉండేది. నాన్న ఎదుటి జట్టు కుర్రాళ్ల గురించి రాసుకునే కాగితాలు నేనే ఫెయిర్ చేసిపెట్టేదాన్ని. ఎవడు ఏ కాలితో ఎగురుతాడో, ఎవడికి ఎడమ చెయ్యి రాదో, ఎవడు అలిసిపోతే ముక్కు గోక్కుంటాడో ఆయనకి తెలియనిది లేదు.

జనవరి ఇరవై రెండున రోబెర్టా పడిపోయింది.

ఎగిరి బంతి అందుకుని దిగింది, అంతే. కాలు నూనె మరక మీద పడి జారింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు. రోబెర్టా ఏడవలేదు. "కోచ్, నా కాలు అటు తిరిగి ఉందా?" అని అడిగింది.

అమ్మ పరిగెత్తి ఫోన్ చేసింది. మగపిల్లల జట్టుకి కట్లు కట్టే ట్రైనరు ఒకాయన ఉండేవాడు. "రావాలనే ఉందమ్మా. మగపిల్లల జట్టుకి తప్ప ఎవరికీ చెయ్యకూడదని హార్బిసన్ రాతమూలకంగా ఇచ్చాడు," అన్నాట్ట. చివరికి ఒక బెంచీ మీద పడుకోబెట్టి, నలుగురం మోసుకెళ్లి మా కారు వెనక భాగంలో ఎక్కించాం.

ఆ సాయంత్రం నాన్న వచ్చి కోటు విప్పకుండానే అడిగాడు. "ఎలా ఉంది ఆ పిల్ల?"

"ఆ పిల్లకి పేరుంది."

"రోబెర్టా ఎలా ఉంది వెర్నా?"

"నడుస్తుందన్నారు. కర్ర పట్టుకుని. ఆట సంగతి ఇంక తలుచుకోవద్దన్నారు."

అమ్మ వంటింటి బల్ల మీద టైపు మిషను పెట్టుకుని కూర్చుంది. వంట చెయ్యలేదు. నేను డబ్బా బీన్సు వెచ్చబెడుతుంటే ఆ టకటకలు ఆగకుండా వినబడ్డాయి. ఉత్తరం షికాగోలో ఆ చట్టం అమలు చూసే ప్రభుత్వం వాళ్లకి. మిషన్లోంచి కాగితం లాగగానే నాన్న వెనక నిలబడి చదివాడు.

"నా పేరు రాశావు."

"షెడ్యూలు కింద ఎవరి పేరుందో ఆ పేరు రాశాను."

"హార్బిసన్ చెప్తే చేశానని నీకు తెలుసు."

"తెలుసు. అతని పేరూ రాశాను, పైన చూడు."

"ఇంకో ఆరు వారాలు ఆగలేవా? సీజన్ అయిపోతుంది."

"నా సీజన్ కూడా అప్పుడే అయిపోతుంది ఆర్లిన్."

పొద్దున్న ఆ కవరు తపాలాలో వెయ్యమని అమ్మ నా చేతిలో పెట్టింది. రెండ్రోజులు నా కోటు జేబులోనే ఉంది. మూడో రోజు రోబెర్టాని చూడటానికి ఆస్పత్రికి వెళ్లాను. కాలికి నడుము దాకా కట్టు. "మా నాన్న నా సామాను తీసుకెళ్లడానికి వస్తున్నాడు," అంది. తిరిగొస్తూ దారిలో ఉన్న తపాలా డబ్బాలో కవరు వేసేశాను.

ఉత్తరం సంగతి వారంలో ఊరంతా పాకింది. ఫోన్ మోగితే ఇప్పుడెవరూ కోచ్ ఉన్నారా అని అడిగేవాళ్లు కాదు. ఎత్తగానే పెట్టేసేవాళ్లు. ఆదివారం చర్చి కింది హాల్లో విందుకి వెళ్తే, మేం కూర్చున్న బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. హార్బిసన్ భార్య ఈవెలిన్ పళ్లెం పట్టుకుని మా ముందు ఆగింది.

"మొగుడు కప్పు తెస్తుంటే కాలు అడ్డం పెట్టే ఆడదాన్ని నేనింతవరకు చూళ్లేదు వెర్నా."

"అడ్డం పెట్టలేదు ఈవెలిన్. కాలు పెట్టుకోడానికి చోటడిగాను."

పక్క బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న అప్పటికే లేచి కోటు వేసుకుంటున్నాడు. ఆ రోజు నుంచి ఆయన మేడ మెట్ల కింద గదిలో పడుకున్నాడు. తినేటప్పుడు ఉప్పు కావాలంటే ఇద్దరూ నన్నే అడిగేవాళ్లు. ఉప్పు అమ్మ చేతి పక్కనే ఉన్నా సరే.

ఫిబ్రవరిలో షికాగో నుంచి విచారణకి మనిషి వస్తోందని కబురొచ్చింది. ఆమె వచ్చే ముందు గురువారం, అమ్మ ప్రాక్టీసులో ఉండగా, హార్బిసన్ మా ఇంటికొచ్చాడు. నేను జలుబు చేసి ఇంట్లో ఉన్నాను. బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. టైపు చేసిన షెడ్యూలు. పైన సెప్టెంబరు తేదీ. మంగళ, గురువారాలు నాలుగు నుంచి ఆరు దాకా ఆడపిల్లలకి జిమ్ అని ఉంది.

"ఇది ఎప్పటిది?" అన్నాడు నాన్న.

"పైన రాసి ఉందిగా. మనం టైమిచ్చాం, మీ ఆవిడే వద్దని తెల్లారగట్ల కావాలంది. అంతే. ఇంకో మూడు మ్యాచ్‌లు ఆర్లిన్. మూడే మూడు. యాభై ఏళ్ల నుంచి ఎదురుచూస్తోంది ఈ ఊరు. మధ్యలో నిన్ను తప్పించాల్సొస్తే ఆ కుర్రాళ్ల మొహం చూడగలవా?"

నాన్న కాగితం వంక చాలాసేపు చూశాడు. హార్బిసన్ నా వైపు తిరిగాడు. గొంతు మెత్తగా చేశాడు.

"నిన్నూ పిలుస్తారమ్మా మార్లిస్. షెడ్యూళ్లు, తాళాలు నీకేం తెలుస్తాయి? తెలియదంటే సరిపోతుంది. మీ నాన్నకి నువ్వొక్కదానివే కదా."

నాన్న నా వైపు చూడలేదు. జేబులోంచి కలం తీసి సంతకం పెట్టాడు.

విచారణ యూనివర్సిటీ ఆఫీసు రెండో అంతస్తులో జరిగింది. వచ్చినావిడ పేరు మిస్ ఒకాడా. చిన్న మనిషి, చలికి చేతులకి గ్లోవ్స్ వేసుకునే రాస్తోంది. అమ్మ తను చెప్పాల్సింది ముందు రోజే ఆవిడకి చెప్పేసింది. నన్ను పిలిచేసరికి మధ్యాహ్నం పన్నెండు. బయట బెంచీ మీద నా పక్కన నాన్న కూర్చుని ఉన్నాడు. లేస్తుంటే నా కోటు కాలరు సరిచేశాడు.

"మంగళ, గురువారాలు మీకు జిమ్ ఇచ్చామని యూనివర్సిటీ అంటోంది. మీకు తెలుసా?" అని అడిగింది ఆవిడ.

"షెడ్యూలు సంగతులు నాకు తెలియవు."

"డిసెంబరులో తాళం మార్చారని మీ అమ్మగారు చెప్పారు. కొత్త తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది?"

నేను కిటికీ వైపు చూశాను. అద్దం మీద ఆవిరి పట్టి బయటేం కనబడటం లేదు.

"తెలియదు," అన్నాను.

ఆవిడ ఒక్కసారి తలెత్తి చూసి, రాసుకుంది. పొమ్మంది.

నా తర్వాత నాన్న లోపలికెళ్లాడు. తలుపు మూసుకుంది కానీ దాని పైన గాలికోసం పెట్టిన చిన్న కిటికీ తెరిచే ఉంది. నేను వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు.

"ఈ సంతకం మీదేనా మిస్టర్ వోగెల్?"

"నాదే."

"ఈ కాగితం సెప్టెంబరులో తయారయిందా?"

లోపల గది వెచ్చగా ఉంచే ఆవిరి గొట్టాలు టంగు టంగుమంటున్నాయి.

"లేదు. పోయిన గురువారం మా వంటింట్లో సంతకం పెట్టాను."

"సెప్టెంబరులో వేరే షెడ్యూలు ఉండేదా?"

"ఉండేది. తెల్లారగట్ల ఐదున్నర అని. హార్బిసన్ వెయ్యమన్నాడు. వేసింది మాత్రం నేనే. డిసెంబరులో అదీ లేకుండా చేశాం. తాళంచెవి నా దగ్గరే ఉంది. మా ఆవిడ అడిగింది, నేనివ్వలేదు."

కలం గీస్తున్న చప్పుడు. "ఇంకేమైనా చెప్తారా?"

"మా అమ్మాయి ఇక్కడ ఏం చెప్పిందో నాకు తెలియదు. నా కోసమని ఏదైనా చెప్పుంటే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. చిన్నపిల్ల."

బయటికొచ్చి టోపీ పెట్టుకున్నాడు. "పద. రెండింటికి నాకు ప్రాక్టీసుంది," అన్నాడు. ఇంటి ముందు నన్ను దింపుతూ, "జలుబు తగ్గిందా?" అని అడిగాడు.

మిగిలిన మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలిచారు. మూడోదాంతో కప్పు తేలాలి. మూడు వేలమంది నిలబడి చూస్తుండగా ఒక్క పాయింటు తేడాతో పోయింది. ఆఖరి బంతి రింగు చుట్టూ తిరిగి బయటికి దొర్లింది. ఇంత జనం ఇంత నిశ్శబ్దంగా ఉండగలరని నాకప్పుడే తెలిసింది. నాన్న కుర్రాళ్లని ఒక్కొక్కళ్లనీ భుజం తట్టి లోపలికి పంపి, చివర్న తను వెళ్లాడు. మర్నాడు మా గుమ్మానికి ఎవరో గుడ్లు కొట్టారు. అమ్మ బకెట్టు తెచ్చి కడుగుతుంటే నాన్న వచ్చి చీపురు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి కడిగారు.

వారం తిరక్కుండానే వచ్చే ఏటి నుంచి కొత్త కోచ్ వస్తాడని ప్రకటించారు. కారణం రాయలేదు. నాన్నకి ఈత క్లాసులు ఇచ్చారు. హార్బిసన్ కుర్చీలో హార్బిసన్ అలాగే ఉన్నాడు. షికాగో నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ప్రకారం రోజూ నాలుగు నుంచి ఆరు దాకా జిమ్ మాది. ట్రైనరు మాకూ కట్లు కట్టాలి. అమ్మకి జీతం. అమ్మ ఆ కాగితాలు బల్ల మీద పరిచి మొదటి నుంచి చివరి దాకా చదివింది. నేను తువ్వాళ్లు మడత పెడుతున్నాను.

"తాళం సంగతి తెలియదన్నావట," అంది తలెత్తకుండా.

"ఊఁ."

"ఆ రోజు వంటింట్లో నా పక్కనే ఉన్నావు."

"ఊఁ."

"నాలుగింటికి ప్రాక్టీసు. ఆలస్యం చెయ్యకు."

తర్వాతి రెండు మ్యాచ్‌లూ నన్ను బెంచీ మీదే కూర్చోబెట్టింది. డెల్ఫీన్ వచ్చి నా చెవిలో, "ఏం చేశావే మీ అమ్మకి, పిండివంట మాడ్చావా?" అంది.

మార్చి రెండో వారంలో మా ఆఖరి మ్యాచ్. నది అవతలి కాలేజీ వాళ్లతో, మా జిమ్‌లో. గెలిస్తే రాష్ట్ర పోటీలకి వెళ్తాం. ముందు రోజు సాయంత్రం ముగ్గురం తింటున్నాం. పంది మాంసం వేపుడు, మొక్కజొన్న రొట్టె. అమ్మ ఫోర్కు పళ్లెంలో పెట్టి నేరుగా నాన్నతో మాట్లాడింది. నెలన్నర తర్వాత.

"వాళ్లు రింగు చుట్టూ గోడ కట్టేస్తారు. లోపలికి వెళ్లనివ్వరు. రోబెర్టా ఉంటే పై నుంచి వేసేది. నువ్వయితే ఏం చేస్తావు?"

నాన్న నమలడం ఆపాడు. పళ్లెం పక్కకి జరిపాడు. జేబులోంచి పెన్సిలు తీసి, చేతులు తుడుచుకునే కాగితం పరిచి, రింగు గీశాడు. గోడలా ఐదు చుక్కలు పెట్టాడు. మా ఐదుగురిని పెట్టబోయి ఆగిపోయాడు. పెన్సిలు మొన కాగితం మీదే ఉంది.

"నీ పిల్లల్ని నేనొక్కసారీ చూళ్లేదు వెర్నా," అన్నాడు.

నాన్న నా వైపు తిరిగాడు. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. "నువ్వు... నువ్వెక్కడ ఆడతావు?"

"గార్డ్," అన్నాను.

"సీజన్ అంతా?"

"రెండు మ్యాచ్‌లు తప్ప," అంది అమ్మ.

"ఎందుకని? దెబ్బ తగిలిందా?"

అమ్మ నా వైపు చూసింది. తను చెప్పదని నాకర్థమైంది.

"లేదు నాన్నా. ఆ షికాగో ఆవిడతో తాళంచెవి సంగతి తెలియదన్నాను."

నాన్న పెన్సిలు కింద పెట్టి, మొహం రెండు చేతుల్తో రుద్దుకున్నాడు. తర్వాత మళ్లీ పెన్సిలు అందుకుని, రింగుకి దూరంగా, పైన, ఒక సున్నా చుట్టాడు.

"సరే. గార్డ్ ఇక్కడుంటుంది," అన్నాడు. "బంతి నీ దగ్గరుంటే గోడ నీ వైపు జరుగుతుంది. జరిగేదాకా ఆగాలి. తొందరపడకూడదు. జరగ్గానే ఈ మూలకి వెయ్యాలి. ఈ మూలన ఎవరుంటారు? ఆ డెల్ఫీన్ అనే అమ్మాయిని ఇక్కడ పెడితే..."

అమ్మ చెయ్యి చాచి పెన్సిలు ఆయన చేతిలోంచి లాక్కుంది.

"డెల్ఫీన్ మూలన నిలబడే పిల్ల కాదు," అంది, ఆయన గీసిన గీత మీదే ఇంకో గీత బలంగా గీస్తూ. "ఇక్కడ నిలబడుతుంది. గోడ మధ్యలో."